కృప, విశ్వాసము, విధేయత



క్రైస్తవ మతమునందు మోక్షమునకు రక్షణ యని వ్యవహారము. ఆ రక్షణ మనుష్యునకు దేవుని కృపచేత లభించునా, తన విశ్వాసముచేత లభించునా, లేక దేవుని యాజ్ఞలకు లోబడి నడచుకొనుటచేత లభించునా యనునది ఆ మతమున మిక్కిలి ప్రాచీనమైన ప్రశ్న. ఇది వేదాంతులకు మాత్రమే సంబంధించిన చర్చ యని కొందఱు తలంతురు. అట్లు కాదు. మన ప్రాంతమున ననేక గ్రామములలో గుడియు మసీదును చర్చియు నొకే బాటమీద నున్నవి. పెండ్లికిని చావునకును మనమందఱము కలిసి కూర్చుండువారమే. చావు జరిగిన యింట ఈ ప్రశ్న తల యెత్తినపుడు పెద్దవారు ఏదో యొక మాట చెప్పవలసి వచ్చును. ఆలోచింపక చెప్పిన మాట యెంత గాయము చేయునో నేను చూచితిని. ఆ సంగతి కొంచెము తరువాత విన్నవించెదను.

నేను క్రైస్తవుడను కాను. బాల్యమున శబ్దమంజరి, అమరము, రఘువంశము గురుముఖమున చదివి, పిమ్మట ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. నివాసము ఖిలా వరంగల్, మట్టికోట లోపల. నా శిష్యులలో క్రైస్తవులు పెక్కుమంది. వారి గ్రంథమును నేను తొలుత తెఱచినది భక్తిచేత కాదు, అందలి తెనుగు ఎట్లున్నదో చూతమన్న కుతూహలముచేత. చదువగా చదువగా తెనుగు సంగతి వెనుకబడి విషయమే ముందునకు వచ్చినది.

మొదట పదములను గూర్చి కొంత చెప్పనిండు. వ్యాకరణము చదివినవానికి ఈ యలవాటు తప్పదు. కృప యనగా చేసిన పనికి ప్రతిఫలము కాదు. దినమంతయు కోతకోసిన కూలివానికి సాయంకాలమున కూలి కొలిచి యిచ్చినచో దానిని కృప యనము, బాకీ తీర్చుట యందుము. పౌలు అను అపొస్తలుడు రోమీయులకు వ్రాసిన పత్రికలో కూలికిని కృపకును గల ఈ భేదమునే ఎత్తిచూపినాడు. ఇక విశ్వాసము. ఇది ఊపిరి పీల్చుట యను నర్థము గల ‘శ్వస్’ ధాతువునుండి పుట్టినది. భయము తొలగి నిబ్బరముగా ఊపిరి తీసికొనగల స్థితి విశ్వాసము. తల్లి యొడిలో నిదురించు బిడ్డ శ్వాసను గమనించినవారికి ఈ వ్యుత్పత్తి వేఱుగా చెప్పనక్కఱలేదు. కాని మన తెనుగున ఆ మాటకు మఱియొక యర్థము గూడ కలదు. విశ్వాసము గల పాలేరనగా యజమానుడున్నాడని నమ్మువాడు మాత్రమే కాడు, యజమానుడు ఊర లేనపుడును చేను కాచువాడు. విశ్వాసఘాతకుడనగా నాస్తికుడు కాడు, తిన్న యింటికి ద్రోహము తలపెట్టినవాడు. నమ్ముట, నమ్మకముగా నుండుట యను రెండును ఒక్క మాటలోనే యిమిడియున్నవి. క్రొత్త నిబంధనము గ్రీకు భాషలో వ్రాయబడినది. అందు విశ్వాసమునకు వాడిన ‘పిస్టిస్’ అను పదమునకును సరిగా ఈ రెండర్థములే యున్నవని ఆ భాష నెఱిగినవారు చెప్పుదురు. విధేయతకు వారు వాడిన పదము వినుట యను ధాతువునుండి వచ్చినది. మనమును మాట వినని పిల్లవాడనియే కదా అందుము! వానికి చెవుడు లేదు, చెప్పినట్లు చేయడు, అంతియే.

ఇపుడు నేను చెప్పదలచిన సంగతి. కొన్ని యేండ్ల క్రిందట మా కోటలోని యొక వృద్ధ సేద్యగాడు మా యింటికి వచ్చెను. అతని కుమారుడు నాయొద్ద చదివినవాడు. ఆ వృద్ధుని భార్య మరణించి పక్షము దినములైనది. అతడు చాలకాలము క్రిందటనే బాప్తిస్మము పొందినవాడు. ఆమె చాల ఆలస్యముగా ఆ దారికి వచ్చెను. రెండేండ్లనుండి ప్రతి ఆదివారమును నడచి చర్చికి పోయెడిది. కోతలు ముగిసిన పిమ్మట బాప్తిస్మము పొందుటకు దినము గూడ నిర్ణయమైనది. ఇంతలో జ్వరము వచ్చి నాలుగు దినములలో ఆమె కాలము చేసెను. పరామర్శకు వచ్చిన పరదేశపు బోధకు డొకడు, బాప్తిస్మము లేనిదే రక్షణ లేదని అందఱి యెదుట ననెను. మృతురాలి తమ్ముడు లేచి, విశ్వాసమే చాలును, నీళ్లలో నేమున్నదనెను. ఇద్దఱును గ్రంథమునుండియే వాక్యములు చూపిరి. శవము తీసి ఒక రాత్రియైనను గడవని యింట అది పెద్ద తగవైనది.

ఆ ముసలివాడు అరుగుమీద కూర్చుండి నాతో నిట్లనెను: “పంతులుగారూ, మీరు ఏ సంఘమునకును చెందినవారు కారు. మీకు ఎవరి పక్షమును లేదు. గ్రంథములో నున్నది ఉన్నట్లు చదివి చెప్పుండి. నా భార్య ఎక్కడ నున్నది?”

ఆమె ఎక్కడ నున్నదో చెప్పు నధికారము నాకు లేదనియు, గ్రంథమున నేమున్నదో మాత్రము చదివెదననియు అంటిని. మూడు దినములు సాయంకాలమున దీపము పెట్టుకొని చదివితిమి.

బోధకుడు చూపిన వాక్యము మార్కు సువార్త కడపటి యధ్యాయములోనిది. నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడునని దానికి తాత్పర్యము. నిజమే. కాని ఆ వాక్యమునకు రెండవ సగము కలదు. శిక్ష యెవనికి కలుగునో అందు చెప్పబడినది. నమ్మనివానికి అని మాత్రమే యున్నది. నమ్మి బాప్తిస్మము పొందజాలనివానికి అని లేదు. మీమాంస చదివినవారికి, విధివాక్యమున చెప్పినదానినంతను నిషేధవాక్యములోనికి లాగరాదని నేను చెప్పనక్కఱలేదు. లూకా సువార్తలో యేసుతో కూడ సిలువ వేయబడిన దొంగ కథ యున్నది. వానికి నీళ్లు లేవు, సంఘము లేదు, మిగిలిన ఆయుర్దాయము కొన్ని గడియలే. వానికి పరదైసు వాగ్దానము చేయబడెను. అయినను ఆ దొంగ ఊరకుండలేదు సుమా. తోడి దొంగ దూషించుచుండగా వానిని మందలించెను, తన నేరమును ఒప్పుకొనెను, యేసు నిర్దోషి యని సాక్ష్యము పలికెను. చేతులకు మేకులు దిగియున్నవానికి నాలుక యొక్కటే వశమున నుండెను. దానితో చేయదగిన విధేయత యెంతయో అంతయు చేసెను.

ఇది వినగానే వృద్ధుడు తల యెత్తి, “ఆమె రెండేండ్లు నడిచినది కదా, పంతులుగారూ. అది లెక్కకు వచ్చునా?” అని యడిగెను.

ఈ ప్రశ్నయే ఈనాటి నా ప్రసంగమునకు మూలము. అది లెక్కకు వచ్చునా? ధరగా రాదు, గుఱుతుగా వచ్చును. నాకు తోచిన యుత్తర మిది. క్రైస్తవ గ్రంథమున ఈ యుత్తరమునకు ఆధారము అబ్రాహాము కథయందున్నది.

పౌలును యాకోబును, ఇద్దఱును అబ్రాహామునే సాక్షిగా పిలిచిరి. అబ్రాహాము విశ్వాసముచేతనే నీతిమంతుడుగా ఎంచబడెనని పౌలు వాదించెను. క్రియలచేత గూడ ఎంచబడెను, విశ్వాసముచేత మాత్రమే కాదని యాకోబు వాదించెను. పైపైన చూచినవారికి ఇది స్పష్టమైన విరోధము. జర్మనీ దేశపు లూథరు 1522లో తన క్రొత్త నిబంధన యనువాదమునకు వ్రాసిన పీఠికలో యాకోబు పత్రికను గడ్డితో పోల్చెను. అంతటివాడే విసుగుకొనెను. కాని మూలకథను వరుసగా చదివినచో చిక్కు చాలవఱకు విడిపోవును. ఆదికాండము పదునైదవ యధ్యాయమున అబ్రాహాము దేవుని మాట నమ్మగా అది అతనికి నీతిగా ఎంచబడెను. తరువాత ఎనుబదియాఱవయేట ఇష్మాయేలు పుట్టెను. సున్నతి యాజ్ఞ పదునేడవ యధ్యాయములోనిది. అప్పటికి అతని వయస్సు తొంబదితొమ్మిది. అనగా నీతిమంతుడుగా ఎంచబడిన పిమ్మట పదుమూడేండ్లకు తక్కువ గాకుండ గడచినది. సంస్కారము లేకుండగనే నీతి కలిగినది కదా యని పౌలు చెప్పినది ఈ కాలక్రమమును బట్టియే. ఇక యాకోబు ఎత్తుకొన్నది ఇరువదిరెండవ యధ్యాయము, కుమారుని బలిపీఠముమీద పరుండబెట్టిన ఘట్టము. అపుడా మొదటి విశ్వాసము నెఱవేఱెనని అతడనెను. ఒకడు చెట్టు నాటిన దినమును చెప్పుచున్నాడు, మఱియొకడు కాయ కాచిన దినమును చెప్పుచున్నాడు. కాయ కాచినందువలన చెట్టు నాటబడలేదు. కాయలే లేని చెట్టును చూపి ఇది మామిడి యని యెన్నాళ్లు చెప్పగలము?

ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో నొక ప్రసిద్ధ స్థలము కలదు. రక్షణ కృపవలన విశ్వాసముద్వారా కలిగినది, అది దేవుని వరము, ఎవడును అతిశయింపకుండునట్లు క్రియలవలన కలిగినది కాదని అందు చెప్పబడెను. ఇంతవఱకు కంఠస్థము చేయనివారు లేరు. దాని వెంటనే యున్న వాక్యము సత్క్రియలు చేయుటకే మనము సృజింపబడితిమని చెప్పుచున్నది. నడుమ నిలిచిపోయినవారే ఎక్కువ. వాక్యమును సగము చదివి వాదమునకు దిగువారు అన్ని మతములయందును ఉన్నారు, మన పండితసభలయందును ఉన్నారు.

దానమును గూర్చి మన ధర్మశాస్త్రకారులు చేసిన చర్చ యొకటి ఇచట నాకు స్ఫురించుచున్నది. దాత తన స్వత్వమును విడిచి ధారపోసినంతమాత్రమున దానము పూర్తి యగునా, గ్రహీత స్వీకరించినపుడే పూర్తి యగునా? స్వీకారము వలయునని మితాక్షరాకారుడైన విజ్ఞానేశ్వరుని పక్షము. దాత త్యాగమే స్వత్వమునకు కారణమని దాయభాగకారుడైన జీమూతవాహనుని పక్షము. క్రైస్తవులలోను కృపకే సర్వమును అప్పగించువారు, మనుష్యుని స్వీకారమునకు కొంత స్థానమిచ్చువారు అని రెండు తెగలున్నవి. ఏ పక్షమునను స్వీకరించుట వెలయిచ్చుట కాదు. చేయి చాచినవాడు కొన్నవాడు కాడు.

మా కోటను పాలించిన కాకతీయుల కాలమున భూదానములు శిలాశాసనములమీద చెక్కించెడివారు. సర్వమాన్యముగా, అనగా ఏ పన్నును లేకుండ, భూమి నిచ్చుట పూర్వపు మర్యాద. అట్టి మాన్యము పొందినవాడు భూమికి వెల చెల్లింపలేదు. కాని దున్నకయే పండునా? దున్నుట వెల కాదు, అనుభవించుట. బీడుపెట్టి, నాకు శాసనమున్నదని ఱాతిని చూపుచు కూర్చున్నవాని ఇల్లు ఆకలితోనే యుండును. దున్నినందుకు ఈ నేల నాదైనదని చెప్పుకొనువాడు దాతను అవమానించినవాడగును. క్రైస్తవ రక్షణయందు కృప శాసనము, విశ్వాసము ధారాజలమునకు పట్టిన దోసిలి, విధేయత నాగలి. ఉపమానము సర్వాంశముల పొసగదు, కాని రైతులకు ఇంతకంటె దగ్గఱి ఉపమానము నాకు దొఱకలేదు.

మన శ్రీవైష్ణవులలోని మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయములు పెద్దలలో ననేకులు వినియుందురు. కోతిపిల్ల తల్లిని తాను పట్టుకొనును, పిల్లిపిల్లను తల్లియే నోట కఱచుకొని పోవును. వడగలై, తెంగలై భేదమునకు ఈ న్యాయములు పేరుపొందినవి. భగవత్కృపకును జీవుని ప్రయత్నమునకును గల సంబంధము ఒక్క క్రైస్తవులనే బాధించిన ప్రశ్న కాదని తెలుపుటకే దీనిని స్మరించితిని. రెండును ఒకటే యని చెప్పుట నా యభిప్రాయము కాదు. క్రైస్తవులకు కృప యనునది ఒక కాలమున ఒక సిలువమీద జరిగిన క్రియతో విడరానట్లు ముడిపడియున్నది. దానిని తీసివేసి పోలిక చెప్పినచో వారికి అన్యాయము చేసినవారమగుదుము.

ఇక మూడవనాడు ఆ వృద్ధుడు అడిగినది కఠినమైన ప్రశ్న. విశ్వాసముచేతనే సరియైనచో, బాప్తిస్మమును ఎన్నాళ్లయినను వాయిదా వేయవచ్చునా? నేను ఒంగోలు సంగతి చెప్పితిని. అది తెలుగు నేలమీదనే జరిగినది గనుక మీకును విన్నవింతును.

అమెరికా బాప్తిస్తు మిషనుకు చెందిన జాన్ క్లౌగు 1866లో ఒంగోలున స్థిరపడెను. ఆ యేటనే యెఱ్ఱగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. ఇతడు మాదిగ కులస్థుడు, తాళ్ళకొండపాడు వాసి, తోళ్ళ వర్తకుడు. అంతకుముందు రాజయోగము నభ్యసించి తనవారిచే గురువుగా మన్నింపబడినవాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము 8 మందితో ఏర్పడెను. ఆ తొలి దినములలో అగ్రవర్ణములవారు కొందఱు పాఠశాలకు వచ్చుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని వారు చెప్పిరి. క్లౌగును అతని భార్యయు వేఱు వేఱు గదులలో నుండి వేఱు వేఱు పుస్తకములు తెఱవగా ఇద్దఱికిని కొరింథీయుల మొదటి పత్రికలోని యొకే స్థలము కనబడెనని అతడు వ్రాసికొనెను. లోకము జ్ఞానులనియు ఘనులనియు ఎంచినవారిలో పిలువబడినవారు అనేకులు లేరని అచట నున్నది. వారు మాదిగలను చేర్చుకొనిరి, పై తరగతులవారు వెడలిపోయిరి. అర్హతను చూడకుండుట కృపకు లక్షణమని గ్రంథమున చదువుట సులభము. పాఠశాల ఖాళీ యగుచుండగా దానిని పాటించుట అంత సులభము కాదు.

1876 మొదలు 1878 వఱకు మదరాసు రాజధానియందు ఘోరమైన కఱవు వచ్చెను. ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వకమును కఱవుపనిగా చేపట్టెను. క్లౌగు యౌవనమున అమెరికాలో భూములు కొలుచు ఉద్యోగము చేసియుండెను. అతడు మూడున్నర మైళ్ల కాలువను గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. తెలుగు బోధకులే మేస్త్రీలైరి. పని విరామములలో వారు బోధించుచుండిరి. వినినవారిలో బాప్తిస్మము కోరినవారు పెక్కుమంది. క్లౌగు ఇయ్యలేదు. కఱవు సాయము నడచినంతకాలము, సుమారు పదునైదు నెలలు, ఒక్కరికిని బాప్తిస్మ మియ్యలేదు. కూలికొఱకు, గంజికొఱకు విశ్వాసమును ఒప్పుకొనువారు కలిసిపోవుదురన్నది అతని భయము. విధేయతకు ఎవరును వెల కట్టరాదు, కొనరాదు.

ఇచట నిలిచి ఆలోచింపుడు. ఆ శిబిరములలో కలరా వ్యాపించినది, ఆకలిచేత ప్రాణములు పోయినవి. మరణించినవారిలో బాప్తిస్మము కోరి పొందనివారు లేకుండిరని యెవరనగలరు? బాప్తిస్మము రక్షణకు వెల యని క్లౌగు నమ్మియుండినచో పదునైదు దినములైనను ఆపుటకు సాహసింపగలిగెడివాడా? బాప్తిస్తుల సిద్ధాంతము ప్రకారము బాప్తిస్మము రక్షణను తెచ్చునది కాదు, రక్షింపబడినవాడు నెఱవేర్పవలసిన యాజ్ఞ. కనుకనే అతడు ఆపగలిగెను. ఆజ్ఞయే కనుక ఎల్లకాలమును ఆపజాలకపోయెను.

1878 జూను నెలలో అతడు కఱవు సాయమును నిలిపివేసి, ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద జనులను సమకూర్చెను. ఇక ఇచ్చుటకు తనయొద్ద నేమియు లేదని చెప్పెను. తమకు సాయము వలదనియు, పంటలు పండినను ఎండినను బాప్తిస్మము పొందవలెననియు వారు పట్టుబట్టిరి. జూలై 2న 614 మందియు, 3న 2,222 మందియు, 4న 700 మందియు బాప్తిస్మము పొందిరి. ఉదయమునుండి సాయంకాలమువఱకు, నడుమ విరామముతో, ఆఱుగురు తెలుగు బోధకులు ఇద్దఱిద్దఱుగా నదిలో నిలిచి ఆ పని నిర్వహించిరి. క్లౌగు తాను నీటిలో దిగలేదు. ఈ మిషనువారే మఱుసటి యేడు, 1879లో, మన హనుమకొండలోను కేంద్రము నేర్పఱచిరి.

అంతమంది యొక్కసారి చేరినది విశ్వాసముచేతనా, కఱవు మిగిల్చిన యాశచేతనా యని ఆనాడును శంకించినవారుండిరి, ఈనాడును ఉన్నారు. శంక న్యాయమైనదే. మనుష్యుని హృదయములో ఏది యెంత పాలు కలిసియున్నదో తూచుటకు మనయొద్ద త్రాసు లేదు. కాని నది యొడ్డున తెలియనిది ఊరికి పోయిన పిమ్మట కొంత తెలియును. ఆ సంఘమున చేరినవారికి మూడు నియమములు చెప్పబడెడివి. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఈ మూడింటిలో దేనిని పాటించినను ఊరితో తగవే. జాతరలో డప్పు కొట్టుట మాదిగల విధి యని ఊరివారి నిర్ణయము. కొట్టమన్నవారిని కొన్ని యూళ్లలో పనినుండి తొలగించిరి, బావినీరు మాన్పించిరి, కొట్టిరి. నేను గ్రామదేవతల జాతరలు చూచుచు పెరిగినవాడను. మూడవ నియమము నాకు సమ్మతము కాదు. కాని ఒకని మనస్సు ఒప్పని పూజకు వానిచేత బలవంతముగా వాద్యము వాయింపించుట ఏ ధర్మశాస్త్రమునకును సమ్మతము కాదని ఆ యూళ్ల పెద్దలకు చెప్పువాడు లేకపోయెను. గంజికొఱకు వచ్చినవాడు గంజి లేనిచోట, పైపెచ్చు దెబ్బలు పడుచోట, నిలువడు. నిలిచినవారి సంఖ్య తక్కువ కాదు.

మఱి వాయిదా వేయవచ్చునా? మిలాను నగరపు బిషప్పైన అంబ్రోసు చెప్పినది ఇచట వినదగును. 392లో రెండవ వాలెంటీనియను చక్రవర్తి బాప్తిస్మము కోరి, పొందకుండగనే మరణించెను. దుఃఖించుచున్న అతని సోదరీమణులను అంబ్రోసు ఓదార్చుచు, కోరినవాడు పొందినవాడే యను తాత్పర్యముతో ప్రసంగించెను. కోరిక బాప్తిస్మమను భావము కథోలికులలో నేటికిని నిలిచియున్నది. మా కాజీపేట ఫాతిమా కెథీడ్రలునకు పోవువారు దీనిని నమ్మువారే. ఇది పొందగోరి పొందలేకపోయినవానికి ఓదార్పు. పొందగలిగియు ఎల్లుండి చూతములే యనువానికి కాదు. ఒకే మాట ఒకరికి ఔషధము, మఱియొకరికి అపథ్యము.

ఈ అపథ్యమును గూర్చియే డీట్రిష్ బోన్‌హోఫరు అను జర్మను బోధకుడు 1937లో నొక గ్రంథము ప్రకటించెను. ఏమియు విడువక, ఎవరిని వెంబడింపక, క్షమాపణను మాత్రము ఎగురవేసికొనిపోవుటకు అతడు చౌకకృప యని పేరు పెట్టెను. విశ్వసించువాడే లోబడును, లోబడువాడే విశ్వసించునన్నది అతని సిద్ధాంతము. హిట్లరు ప్రభుత్వమునకు తల యొగ్గనందున 1945 ఏప్రిలు 9న ఉరితీయబడెను. ఆతడు ఉచితకృపను నమ్మిన లూథరు శిష్యుడే యని మఱవరాదు. ఉచితమైనది చౌకయైనది కానక్కఱలేదు.

దీనికి మాఱుగా, విధేయతను పద్దుపుస్తకముగా చేసికొన్నవారును ఉన్నారు. ఇన్ని యుపవాసములు, ఇంత కానుక, ఇన్నిసార్లు ప్రార్థన, కనుక నాకు ఇంత రావలెనని లెక్క వ్రాయువాడు కృపను మరల కూలిగా మార్చినవాడు. అతనికి శాంతి యుండదు, ఏలయన పద్దు ఎప్పటికిని మూయబడదు. నేను చూచినంతలో చౌకకృపవారు ఇతరులను బాధింతురు, పద్దువారు తమ్మును బాధించుకొందురు. పరామర్శకు వచ్చిన ఆ బోధకుడు చనిపోయిన స్త్రీ పద్దును సయితము తెఱచెను.

కథోలికులును లూథరను సంఘములవారును ఈ విషయమై దాదాపు నాలుగున్నర శతాబ్దములు ఎడముగా నుండిరి. 1547లో ట్రెంటు మహాసభ తన నిర్ణయములను ప్రకటించినది మొదలు ఒకరి బోధను ఒకరు ఖండించుచు వచ్చిరి. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున ఇరుపక్షముల ప్రతినిధులును ఒక ప్రకటనమీద చేవ్రాళ్లు చేసిరి. మన యోగ్యతవలన గాక కృపచేతనే, క్రీస్తు కార్యమునందలి విశ్వాసముచేతనే దేవుడు అంగీకరించుననియు, అట్లు అంగీకరింపబడినవారిని ఆయన ఆత్మయే సత్క్రియలకు పురికొల్పుననియు దాని సారాంశము. 2006లో మెథడిస్టులును దానిలో చేరిరి. గుంటూరున 1842లో హైయరు ఆరంభించిన పనినుండి పెరిగిన ఆంధ్ర లూథరను సంఘమునకును మన కథోలికులకును ఇది చెందినదే. భేదములన్నియు తీఱినవని కాదు. శిశువులకు బాప్తిస్మ మియ్యవచ్చునా యను విషయమున బాప్తిస్తులకును వారికిని నేటికిని పొత్తు లేదు. కాని ఐరోపాలో రాజీ పడిన సంగతికై మన వాడలలో తగవులాడువారు ఈ ప్రకటనను ఒకమాఱు చదువుట మేలు.

డోర్నకలు మన పూర్వపు వరంగల్ జిల్లాలోని యూరే. అచట 1912 చివరనుండి 1945 తొలిదినమువఱకు బిషప్పుగా నుండిన వేదనాయకము శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు. తమిళుడయ్యును తెలుగు నేర్చి మన పల్లెలలో తిరిగెను. బాప్తిస్మము పొందినవారిచేత తల మీద చేయి పెట్టించి, సువార్త చెప్పనిచో తమకు శ్రమ యని పలికించెడివాడు. వారిలో ననేకులు చదువు రాని కూలివారు. ఇచ్చిన వరము ఇంకను తడి యాఱకముందే వారిమీద ఒక పని మోపెడివాడన్నమాట. ఆ పని చేసినందుకు వరమిత్తునని అతడు చెప్పలేదు. వరము పొందితిరి గనుక ఈ పని మీదే యని చెప్పెను.

ఆ వృద్ధునితో నేను కడపట చెప్పినది ఇంతే. అతని భార్య నడిచిన రెండేండ్ల యాదివారములు రక్షణకు చెల్లించిన సొమ్ము కావు, కనుక కొంత తక్కువైనదని ఎవరును బాకీ చూపజాలరు. ఆమె విశ్వాసము మాట మాత్రము కాదనుటకు అవియే సాక్ష్యము. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత లేచి, కోతల పనికి మనుషులు దొఱకుట లేదని, పొద్దున్నే పొలమునకు పోవలెనని చెప్పి సెలవు తీసికొనెను. ఆ యాదివారమున అతడు చర్చికి ఒంటరిగా నడచి పోవుట చూచితిని.

నాకు ఇచ్చిన కాలము పూర్తియైనది. సెలవు.